స్థలముండీ నిలువని సంఘం: ఓక్‌హర్స్ట్ చరిత్ర చెప్పే పాఠం

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది ఐదు సంవత్సరాలు నిలిచిన సంస్థ పండుగనాడు, నిలువలేకపోయిన సంస్థను తలచుకోవడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఆరిపోయిన దీపాన్ని పరీక్షించినవారికే వెలుగుతున్న దీపానికి ఏమి కావలెనో తెలుస్తుంది. ఆ ఉద్దేశంతోనే దూరదేశపు పల్లెలో పుట్టి, అంతరించిన ఒక గోల్ఫ్ సంఘం చరిత్రను ఈ సభలో మనవి చేయడం జరుగుతున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పశ్చిమ వర్జీనియా కొండల సీమ. అక్కడ అల్లెఘనీ పర్వతాల నడుమ వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరున్నది. గంధకపు నీటి ఊటల వలన ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. ఆ నీటికోసం పూర్వం నుండి ఎందరో ఆరోగ్యార్థులు అక్కడికి వచ్చేవారు. ఊరి చెంతనే ఓక్‌హర్స్ట్ అనే పొలం ఉండేది. దాని యజమాని రస్సెల్ మాంటేగ్ న్యాయశాస్త్రం చదివినవాడు, స్కాట్లండులో గోల్ఫ్ ఆడి వచ్చినవాడు. ఇరుగుపొరుగున స్థిరపడిన జార్జ్ గ్రాంట్, అలెగ్జాండర్ మెక్లియోడ్, రోడరిక్ మెక్లియోడ్, గ్రాంటు బంధువైన లయొనెల్ టోరిన్ ఆయనతో కలిశారు. 1884లో ఈ ఐదుగురు ఆ పొలంలో తొమ్మిది గుంటల గోల్ఫ్ మైదానం ఏర్పరచి, సంఘంగా ఏర్పడ్డారు.

నాటి ఆట నేటి ఆట వంటిది కాదు. కర్రల కాడలను హికరీ అనే గట్టి కలపతో చేసేవారు. బంతిని మలయా ప్రాంతపు చెట్ల పాల నుండి తీసిన గట్టాపర్చాతో పోతపోసేవారు. బంతిని నిలుపుటకు నేడు వాడే చిన్న మేకు అప్పటికి వాడుకలోకి రాలేదు. తడి ఇసుకను చిటికెడు తీసుకొని, చిన్న గోపురంగా నొక్కి, దానిపై బంతిని ఉంచేవారు. గడ్డి కోసే పని గొర్రెలది! టోరిన్ తెచ్చిన కర్రలను రేవులో సుంకపు అధికారులు ఆయుధాలేమోనని అనుమానించి ఆపివేశారని ఒక కథ చెప్పుకుంటారు. ఆ దేశంలో ఈ ఆట నాడు ఎంత అపరిచితమో ఆ కథ వలన తెలుస్తుంది. ఇక్కడ మన దేశాన్ని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఓక్‌హర్స్ట్‌కు 55 సంవత్సరాలకు ముందే, 1829లో, కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు ఏర్పడింది. బ్రిటిష్ దీవుల వెలుపల అదే మొదటిదని ప్రసిద్ధి.

ఓక్‌హర్స్ట్ సభ్యులకు ఉత్సాహానికి కొదువ లేదు. 1888లో వారు తమలో తాము పోటీ పెట్టుకొని, విజేతకు పతకం కూడా ఏర్పాటు చేశారు. ఆ దేశపు గోల్ఫ్ చరిత్రలో తొలి సంఘమన్న గౌరవం తమకే దక్కవలెనని ఓక్‌హర్స్ట్ అభిమానులు నేటికీ వాదిస్తారు. ఆ వాదానికి సమాధానం చెప్పే ఇతర సంఘాలు లేకపోలేదు. ఏది మొదటిదన్న తర్కం ఎట్లున్నా, సుమారు 1912 నాటికి ఓక్‌హర్స్ట్‌లో ఆట ఆగిపోయింది. స్థాపకులలో కొందరు స్వదేశం చేరుకున్నారు. మిగిలినవారికి వయస్సు మీదపడింది. వారి తరువాత కర్ర పట్టే చేతులు కరవైనాయి. ఆటస్థలం మరల గడ్డిబీడైనది.

ఈ నష్టానికి స్థలం లేకపోవడం కారణమా? కాదు. పొలం మాంటేగ్ సొంతమే గదా! ఈ సంగతి బోధపడాలంటే మరొక సంఘాన్ని పక్కన పెట్టి చూడవలెను. 1888లో న్యూయార్కు సమీపాన యాంకర్స్ పట్టణంలో, జాన్ రీడ్ అనే స్కాట్లండు మనిషి, అతని మిత్రులు ఒక పచ్చిక బయలులో మూడు గుంటలతో ఆట ప్రారంభించారు. ఆ సంవత్సరమే నవంబరు 14న సమావేశమై, అధికారులను ఎన్నుకొని, సెయింట్ ఆండ్రూస్ అనే పేరుతో క్లబ్బు స్థాపించారు. వారికి స్థలం మాత్రం నిలువలేదు. 1892లో ఆపిల్ తోటకు మారారు, 1894లో మరొక చోటికి, 1897లో ఇంకొక చోటికి తరలిపోయారు. ఇన్ని మార్పులు జరిగినా క్లబ్బు బ్రతికింది. 1894లో జాతీయ గోల్ఫ్ సంఘాన్ని స్థాపించిన ఐదు క్లబ్బులలో ఒకటిగా నిలిచింది. ఓక్‌హర్స్ట్‌కు స్థలమున్నది, వారసులు లేరు. యాంకర్స్ వారికి స్థలం మారింది, సభ్యుల వరుస తెగలేదు. సంస్థకు నేల ఆధారమే గాని ప్రాణం కాదు. ఒక తరం చేతి నుండి మరొక తరం చేతికి అందే పనియే దానికి ప్రాణం.

ఓక్‌హర్స్ట్ కథ అంతటితో ముగియలేదు. 1959లో లూయిస్ కెల్లర్ అనే ఆయన ఆ భూమిని కొన్నాడు. ప్రఖ్యాత గోల్ఫ్ ఆటగాడు శామ్ స్నీడ్ ఆయనకు మిత్రుడు. చాలా కాలానికి, 1994లో, బాబ్ కప్ అనే మైదాన నిర్మాత సహాయంతో కెల్లర్ తొమ్మిది గుంటలను పునరుద్ధరించాడు. పాత ఆటను పాత రీతిలోనే ఆడించాడు. హికరీ కర్రలు, గట్టాపర్చా బంతులు, తడి ఇసుక, గొర్రెలు, అన్నీ తిరిగి వచ్చాయి. 2012లో ఆ స్థలం సమీపాన గల గ్రీన్‌బ్రయర్ హోటలు యజమాని చేతికి మారింది. 2016 జూన్‌లో పశ్చిమ వర్జీనియాను ముంచి 23 మందిని బలిగొన్న వరద ఆ ఊరినీ తాకింది. ఆ తరువాత అక్కడ ఆట మరల నిలిచిపోయింది. ఒక్కని పూనికతో లేచిన సంస్థ ఆ ఒక్కడు తప్పుకోగానే ఎంత నిస్సహాయమవుతుందో ఈ రెండవ పతనం చూపుతున్నది.

పరరాష్ట్రంలో నిలిచిన తెలుగు పాఠశాలకు ఈ కథ దూరపుది కాదు. 1956 నాటి భాషాప్రయుక్త విభజనతో సరిహద్దులు మారాయి. తెలుగు కుటుంబాలెన్నో ఆవల నిలిచిపోయాయి. అదే సంవత్సరం రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పించవలెనని రాష్ట్రాలకు సూచించింది. కాని వసతి వేరు, వాడుక వేరు. గోడలున్నవి, గదులున్నవి, హక్కు కాగితంపై ఉన్నది. ఒకటవ తరగతిలో చేరే బిడ్డ లేకుంటే ఇవన్నీ గడ్డిబీడులో మిగిలిన గుంటల వంటివే.

పూర్వ విద్యార్థులు విరాళాలిచ్చి కొత్త గదులు కట్టించడం శ్లాఘనీయం. అంతకన్న గొప్ప విరాళం ఒకటున్నది. తమ పిల్లలతో, మనుమలతో ఇంట తెలుగు మాటలాడి, అక్షరం దిద్దించి, బడి గడప తొక్కించడం అది. స్థాపకుల చిత్రపటాలకు పూలదండలు ఈనాడు పడుతున్నవి. హాజరుపట్టీలో కొత్త పేర్లు ఏటేటా పడవలెను. ఆ పని సభలోనివారందరిదీ.