రాసుకున్న లెక్కే రేపటి హక్కు

(చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దుకాణాలు ముందుగా మూసి ఈ షాదీఖానాకు వచ్చిన మీ అందరికీ మా కృతజ్ఞతలు. సాయంత్రం వేళ గంటసేపు తలుపులు మూస్తే ఎంత బేరం పోతుందో మాకు తెలియనిది కాదు. కనుక సూటిగా విషయానికి వస్తున్నాము.

కొన్నేళ్ల క్రితం మా పేటలో చెప్పుల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి హఠాత్తుగా కన్నుమూశారు. ముప్పై ఏళ్ల వ్యాపారం ఆయనది. నలభై రోజులైనా గడవకముందే ఆయనకు సరుకు అరువిచ్చిన వారు బాకీల కోసం ఇంటికి వచ్చారు. ఆయనకు బాకీ ఉన్నవారు మాత్రం ఒక్కరూ రాలేదు. ఎవరు ఎంత ఇవ్వాలన్నది ఆయన తలలోనే ఉండేది. ఆ లెక్క ఆయనతోనే మట్టిలో కలిసింది. వారసత్వపు వాటాలు తేల్చడానికి కూర్చున్న పెద్దలలో మేమూ ఉన్నాము. ముందు అప్పులు తీర్చాలని, మిగిలినదానిలో భార్యకు ఎనిమిదో వంతు, తక్కినది కొడుకుకు, కూతుళ్లకు చెందాలని షరియత్ స్పష్టంగా చెబుతున్నది. అయితే అసలు మిగిలింది ఎంత? ఈ ప్రశ్నకు అక్కడ ఎవరివద్దా జవాబు లేదు. ఆ అనుభవమే మమ్మల్ని ఈనాడు మీ ముందు నిలబెట్టింది.

పవిత్ర ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ నమాజు గురించినది కాదు, ఉపవాసం గురించినదీ కాదు. అప్పు వ్యవహారాన్ని రాతలో పెట్టుకోమని చెప్పే సూరె బఖరాలోని 282వ ఆయత్ అది. చిన్న మొత్తమైనా, పెద్ద మొత్తమైనా రాయడానికి విసుగుపడవద్దని కూడా అందులో ఉంది. మనం మాత్రం విసుగుపడ్డాము. దాని ఫలితం బ్యాంకు గుమ్మం దగ్గర కనబడుతుంది. ముస్లింలు స్వయం ఉపాధిపై ఇతరులకన్నా ఎక్కువగా ఆధారపడి ఉన్నారని, బ్యాంకు రుణాలలో మాత్రం వారికి జనాభాకు తగిన వాటా దక్కడం లేదని 2006లో సచార్ కమిటీ తన నివేదికలో తెలియజేసింది. ఇందులో వివక్ష పాత్ర ఉన్నదని మేము ఎన్నోసార్లు చెప్పాము, ఇకముందూ చెబుతాము. అయితే చేతిలో లెక్కల కాగితాలు ఉన్నవాడిని తిరస్కరించినప్పుడు మేము అధికారిని కారణం అడగగలము. కాగితాలే లేనివాడి తరఫున ఏమని అడగగలము?

ఇక్కడే నేటి సాంకేతిక సౌకర్యం మనకు ఉపయోగపడుతుంది. పూర్వం లెక్కల సాఫ్ట్‌వేర్ కావాలంటే కంప్యూటర్ కొనాలి, సాఫ్ట్‌వేర్‌ను ఒకేసారి పెద్ద మొత్తమిచ్చి కొనాలి, మనిషిని పిలిపించి అందులో ఎక్కించాలి. ఆ కంప్యూటర్ చెడిపోతే లెక్కలూ పోయేవి. ఇప్పుడు చందా పద్ధతిలో దొరికే సాఫ్ట్‌వేర్‌కు ఇవేవీ అక్కరలేదు. ఫోనులోనో, పాత కంప్యూటర్‌లోనో ఉండే బ్రౌజర్ తెరిచి, మన పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. లెక్కలు ఆ సంస్థవారి సర్వర్లలో ఉంటాయి. మన ఫోను పోయినా, దుకాణం వానకు తడిసినా అవి అక్కడ పదిలంగా ఉంటాయి. ఇల్లు కట్టుకోలేనివాడు అద్దెకు ఉన్నట్లు, నెలకో, ఏడాదికో ఇంత అని చెల్లించి వాడుకుంటాము.

మరొక ప్రయోజనం పన్నుల మార్పులలో కనబడింది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. అంతవరకు వెయ్యి రూపాయలలోపు రెడీమేడ్ దుస్తులకే 5 శాతం పన్ను ఉండేది. ఆనాటినుంచి ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం అయింది. చెప్పులలో 2,500 రూపాయల వరకు 5 శాతమే అయింది. ఇటువంటి మార్పును చందా సాఫ్ట్‌వేర్ నడిపేవారు తమ వద్దే సరిచేస్తారు. మన సరుకుల పట్టికలో రేటు సరిగా పడిందో లేదో ఒకసారి చూసుకుంటే చాలు. కొత్త సీడీ కోసం తిరగనక్కరలేదు.

జకాత్ విషయం కూడా ఆలోచించండి. అమ్మకానికి ఉన్న సరుకు, చేతిలోని నగదు, తిరిగివస్తాయన్న నమ్మకమున్న బాకీలు కూడి, తీర్చవలసిన అప్పులు తీసివేసి, నిసాబ్‌కు చేరితే నలభయ్యవ వంతు ఇవ్వాలి. మనలో చాలామంది రంజాన్‌లో ఉజ్జాయింపుగా ఒక మొత్తం తీసి ఇస్తున్నాము. అది తక్కువైతే పేదవాడి హక్కును మనం తిన్నట్లే. ప్రభుత్వ లెక్క ఏప్రిల్‌లో మొదలైతే, జకాత్ సంవత్సరం చాంద్రమానం ప్రకారం దాదాపు 354 రోజులే. మనం కోరిన తేదీకి సరుకు నిల్వ, బాకీల పట్టిక చూపగల సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ లెక్క ఒక్క గంట పని.

మన ఇళ్లలో బీకాం చదివి ఖాళీగా ఉన్న ఆడబిడ్డలు ఎందరో ఉన్నారు. దుకాణంలో కూర్చునే అవసరం లేకుండా ఇంటినుంచే వారు ఈ లెక్కలు నిర్వహించగలరు. నాన్నగారికి వ్యాపారంలో ఏముందో బిడ్డకు తెలిసి ఉండటంకన్నా ఆ కుటుంబానికి రక్షణ ఏముంటుంది? మగ్గం పని, కుట్టుపని చేసే సోదరీమణులకు కూడా తమ పేరుమీద తమ లెక్క ఉండాలి.

ఇక జాగ్రత్తలు. నెలకు 500 రూపాయలనుకుంటే అయిదేళ్లకు 30,000 అవుతుంది. కాబట్టి చందా కట్టేముందు అవసరమెంతో చూసుకోండి. ఏడాదికి కోటిన్నర రూపాయలలోపు టర్నోవర్ ఉన్న పన్నుదారుల కోసం జీఎస్టీ నెట్‌వర్క్ ఉచిత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏర్పాటు చేసింది. ముందు దానిని విచారించండి. ఖాతాను మీ సొంత మొబైల్ నంబరుతోనే తెరవండి. లెక్కలు రాసేవారి నంబరుతో తెరిస్తే, రేపు వారు మానుకున్ననాడు తాళంచెవి వారి జేబులోనే పోతుంది. గుమాస్తాకు బిల్లు వేసే అనుమతి ఇవ్వండి, చెరిపే అనుమతి ఇవ్వకండి.

నెలాఖరున మొత్తం లెక్కలను ఎక్సెల్ రూపంలో దించి పెన్‌డ్రైవ్‌లో దాచండి. నమోదైన వ్యాపారి వార్షిక రిటర్న్ గడువు తేదీనుంచి 72 నెలలపాటు రికార్డులు ఉంచాలని జీఎస్టీ చట్టం చెబుతున్నది. చందా ఆపినంత మాత్రాన ఆ బాధ్యత ఆగదు. మన లెక్కలు మనకు తిరిగి ఇవ్వని సాఫ్ట్‌వేర్ ఎంత చవకైనా తీసుకోకండి.

మరొక మాట. ఇంటర్నెట్ మీద ఆధారపడ్డవాడికి ఇంటర్నెట్ నిలిపివేత అంటే దుకాణానికి తాళమే. 2019 ఆగస్టు తరువాత కశ్మీర్ వ్యాపారులు అనుభవించింది ఇదే. ఆ సందర్భంలో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనురాధా భసీన్ కేసులో ఇచ్చిన తీర్పు మనం గుర్తుంచుకోదగినది. ఇంటర్నెట్ ద్వారా వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం రక్షణ ఉందని, నిరవధికంగా ఇంటర్నెట్ నిలిపివేయడం తగదని కోర్టు చెప్పింది. ఈ హక్కు మనకూ ఉంది. అయినా ఒక చిన్న రోజువారీ చిట్టా పుస్తకం గల్లాపెట్టె పక్కన ఉండనివ్వండి. నెట్ లేనినాడు అందులో రాసి, వచ్చినాడు ఎక్కించవచ్చు.

ఉద్యోగకాలమంతా దస్త్రాల మధ్య గడిపినవారము. అక్కడ మేము నేర్చుకున్నది ఒక్కటే. ఎంత నిజమైనా, రాతలో లేనిది కార్యాలయంలో నిలబడదు. వచ్చే ఆదివారం నుంచి అసర్ నమాజు తరువాత ఇదే షాదీఖానాలో మేము, కామర్స్ చదివిన కొందరు పిల్లలు కూర్చుంటాము. రుసుము లేదు. మీ బాకీల చీటీలు, సరుకు బిల్లులు ఏ సంచిలో ఉంటే ఆ సంచితోనే రండి. సరిచేసుకుని తీసుకురావాలని ఆగకండి. చెప్పుల దుకాణం పెద్దమనిషి కూడా రంజాన్ అయ్యాక అన్నీ రాసిపెడతానని అనేవారు.

అల్లాహ్ మీ వ్యాపారాలలో బరకత్ ప్రసాదించుగాక. సెలవు.