యేర్ అన్న పిల్ల తప్పు చదవలేదు

 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేము కొందరం ప్రాథమిక బడుల్లో పనిచేసి వచ్చినవాళ్లం. చిన్నపిల్లలకు చదవడం, రాయడం ఎలా నేర్పాలో ఇప్పుడు కొత్త టీచర్లకు శిక్షణ ఇస్తున్నాం. గోండు ఇళ్లలో పుట్టినవాళ్లమే. ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాం.

ఒకటో తరగతి. పుస్తకంలో ‘ఏరు’ అనే మాట ఉంది. ఒక పిల్ల వేలు పెట్టి చక్కగా చదివింది. ‘అంటే ఏంటి?’ అని అడిగితే మూలనున్న నీళ్ల కుండ చూపించింది. ‘కాదు, మళ్లీ చదువు’ అన్నాం. మళ్లీ చదివింది, మళ్లీ కుండే చూపించింది. మళ్లీ కాదన్నాం. మూడోసారి నోరు తెరవలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత చాలా రోజులు తెరవలేదు.

మన ఇళ్లలో నీళ్లను ఏమంటాం? యేర్. ఆ పిల్ల అక్షరం సరిగ్గా పట్టుకుంది, శబ్దం సరిగ్గా పలికింది, తనకు తెలిసిన అర్థం కూడా చెప్పింది. చదవడమంటే అదే కదా. మేమూ పొద్దున ఇంట్లో యేర్ అడిగి తాగి వచ్చినవాళ్లమే. కానీ బడి గడప దాటగానే తెలుగు సార్లమైపోయాం. గోండి మాట్లాడే టీచర్ ఉంటే చాలు, అంతా సర్దుకుంటుందని మీలో చాలామంది అనుకుంటారు. మేమూ అనుకున్నాం. భాష రావడం వేరు, ఆ భాషతో చదువు మొదలుపెట్టడం వేరు. ఈ రెండోది నేర్పితేనే వస్తుంది.

ఇప్పుడు శిక్షణలో మేము మొదట చెప్పేది ఇదే: పిల్ల తప్పు చదివిందా, లేక అర్థాన్ని తన భాషలో పట్టుకుందా? ఈ రెండూ వేరని టీచర్‌కు తెలియాలి. ‘నారు’ అంటే తెలుగులో వరినారు. మన పిల్లకు అది నార్, అంటే ఊరు. అలాంటప్పుడు ‘తప్పు’ అనకుండా, ‘మన ఇంట్లో ఇలా అంటాం, తెలుగులో దీనికి ఈ అర్థం’ అని రెండూ పక్కపక్కన పెట్టాలి. రెండు నిమిషాల పని. కాల్‌కు కాలు, కన్‌కు కన్ను, నాలుంగ్‌కు నాలుగు. గోండి, తెలుగు ఒకే కుటుంబపు భాషలు, అక్కాచెల్లెళ్లు. టీచర్ ఆ చుట్టరికం చూపిస్తే పిల్ల తెలుగులోకి నడిచి వస్తుంది. చూపించకపోతే అదే చుట్టరికం అడుగడుగునా తడబెడుతుంది.

రాత దగ్గర ఇంకో చిక్కు ఉంది. దీన్ని మేము చాలా ఆలస్యంగా గమనించాం. నార్, రోన్, కోర్, యేర్. ఊరు, ఇల్లు, కోడి, నీళ్లు. పిల్లకు మొట్టమొదట కావాల్సిన మాటలివి. అన్నీ పొల్లుతో ముగుస్తాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి తెలుగు నేర్పేవాళ్లకు పొల్లుతో మొదట్లో పెద్దగా పని పడదు. తలకట్టు, దీర్ఘం, గుడి అన్నీ అయ్యాక తీరిగ్గా నేర్పుతారు. అదే వరసలో గోండి నేర్పితే పిల్ల తన ఇంటి పేరైనా రాయలేదు. రోన్ అని రాయబోయి ‘రోను’ అని రాస్తుంది. టీచర్ బాగుందని టిక్కు పెడతాడు. ఆ టిక్కుతో గోండి మాటకు తెలుగు తోక తగిలింది. అందుకే తెలుగు లిపిలో గోండి రాయించేటప్పుడు పొల్లును మొదటి వారాల్లోనే తేవాలని ఇప్పుడు పట్టుబడుతున్నాం. చిన్న గీతే. కానీ దాన్ని ఎప్పుడు నేర్పాలో తెలుగు శిక్షణ పుస్తకం మనకు చెప్పదు. మన మాట వింటేనే తెలుస్తుంది.

ఇదంతా ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి 1943లో అక్కడే టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించారు. బయటి నుంచి పంతుళ్లను తేలేదు. కాస్తో కూస్తో అక్షరం వచ్చిన గోండు యువకులను పోగుచేసి, వాళ్లనే టీచర్లుగా తయారు చేశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేశారు. మరాఠీ చదువులో మాట చివర ‘అ’ పలకరు కదా, నార్ లాంటి మాటకు ఆ లిపిలో పొల్లు బెడద కూడా లేదు. ఆ రోజు ఆ బెంచీల మీద కూర్చున్నది మీ వయసు వాళ్లే. మార్లవాయి అనగానే మనం సమాధుల దగ్గర పూలు పెట్టి, దొర గురించి మాట్లాడి వచ్చేస్తాం. అక్కడ టీచర్లుగా తయారైన మనవాళ్ల గురించి కూడా మాట్లాడాలి. తర్వాత రాజ్యాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, బోధన తెలుగులోకి వెళ్లింది.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో మళ్లీ ఒక ప్రయత్నం జరిగింది. గోండి, కోలామి, కోయ, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. మంచి పని. కానీ పుస్తకం టీచర్ చేతికి ఇచ్చినంత మాత్రాన చాలదు. దానితో ఏం చేయాలో చేసి చూపించే మనిషి ఏడాది పొడవునా పక్కన ఉండాలి. మూడు రోజుల శిక్షణ, ఒక టీ, ఒక సర్టిఫికెట్. దాంతో ఏ పద్ధతీ నిలవదు.

మీ మనసులో ఉన్న ప్రశ్న మాకు తెలుసు. ‘ఉద్యోగాలేవి?’ షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ బాధ మాకూ ఉంది, పోరాడాల్సిందే. అయితే పోరాటంలో మనం చెప్పే మాట ‘మా పోస్టులు మాకివ్వండి’ దగ్గరే ఆగిపోకూడదు. ‘మా పిల్లకు మేమే బాగా చదువు చెప్పగలం, ఇదిగో చూడండి’ అని తరగతిలో నిలబడి చూపించగలగాలి. యేర్ అన్న పిల్లను మేము మూగదాన్ని చేసిన రోజున ఆ మాట అనే అర్హత మాకు లేదు.

ఇంకో సంగతి, కొంచెం చేదు. కోలాం గూడేనికి గోండు టీచర్ వెళ్లినప్పుడు అక్కడ పరాయివాడు మనమే. వాళ్లకు నీళ్లు ఈర్. ఆ పిల్ల ఈర్ అంటే మనం యేర్ అని దిద్దితే, మనకు జరిగిందే మనం వాళ్లకు చేస్తున్నట్టు. కోలామి రాకపోతే గూడెంలోని పెద్దమ్మను తరగతిలో కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలి, సిగ్గుపడక్కర్లేదు.

డీఎడ్ చదువుతున్నవాళ్లు, చదవాలనుకుంటున్నవాళ్లు సభ అయ్యాక మా దగ్గర ఆగండి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ తాతో అవ్వో చెప్పే ఒక చిన్న కథను, వాళ్ల మాటల్లోనే, ఫోన్‌లో రికార్డు చేసుకుని రండి. రెండు నిమిషాలు చాలు. అందులోంచి ఒకటో తరగతి పిల్ల మొదటి వారంలో చదవగలిగే ఐదు మాటలు ఏరడం ఎలాగో కలిసి కూర్చుని చూద్దాం.