ఇద్దరి ఆట



ఒకే రోట్లో ఇద్దరు రెండు రోకళ్లతో దంచడం మీకు తెలుసు. ఒకరి పోటు పడేటప్పుడు ఇంకొకరి రోకలి పైకి లేవాలి. లయ తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. టెన్నిస్‌లో జంట ఆట కూడా అలాంటిదే. దాన్ని డబుల్స్ అంటారు.

టెన్నిస్ ఆడే చోట మధ్యలో వల కడతారు. బంతిని రాకెట్‌తో వల మీదుగా అవతలికి కొట్టాలి. ఒంటరి ఆటకు ఆ చోటు వెడల్పు 27 అడుగులు. జంట ఆటకు 36 అడుగులు. ఇద్దరూ కలిసి దాన్ని కాచుకోవాలి.

ఈ జంట ఆటలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిన తొలి భారత మహిళ సానియా మీర్జా. 1986లో ముంబైలో పుట్టింది. హైదరాబాదులో పెరిగింది. ఆరేళ్లకే రాకెట్ పట్టింది. ‘ఎండలో ఆడితే పిల్ల నల్లబడుతుంది, ఎవరు చేసుకుంటారు’ అన్నవాళ్లు ఉన్నారట. ఆ మాట తర్వాత ఆమే చెప్పింది. అమ్మానాన్నలు మాత్రం ఆట మాన్పించలేదు.

2003లో ఇంగ్లండులోని వింబుల్డన్‌లో బాలికల జంట ఆట గెలిచింది. 2005లో హైదరాబాదులో ఒంటరి ఆటలో టైటిల్ గెలిచింది. 2007లో ఒంటరి ఆటలో ప్రపంచంలో 27వ స్థానానికి చేరింది.

అప్పుడే కష్టం వచ్చింది. కుడి మణికట్టు దెబ్బతింది. 2008లో ఆపరేషన్ జరిగింది. మోకాళ్లూ బాధపెట్టాయి. రాకెట్ పట్టే చెయ్యే మొరాయిస్తే ఆటగత్తె ఏం చెయ్యాలి?

2013లో ఆమె ఒంటరి ఆట మానేసింది. జంట ఆటనే పట్టుకుంది. జంట ఆటకు డబ్బు తక్కువ. చూసేవాళ్లూ తక్కువ. అయినా దాన్ని చిన్న పని అనుకోలేదు. ఒళ్లు ఒప్పుకునే పనిని ఎంచుకుని, అందులోనే ఆరితేరింది.

2015లో స్విట్జర్లాండుకు చెందిన మార్టినా హింగిస్ ఆమెకు జోడీ అయింది. సానియా వెనక నుంచి బలంగా కొట్టేది. హింగిస్ వల దగ్గర చురుగ్గా అందుకునేది. ఒకరికి లేనిది ఇంకొకరికి ఉంది. ఆ ఏడు ఏప్రిల్‌లోనే సానియా మొదటి స్థానానికి చేరింది.

జూలైలో వింబుల్డన్ ఆఖరి పోటీ. మొదటి సెట్టు పోయింది. రెండోది గెలిచారు. మూడో సెట్టులో 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేము పోతే అంతా పోయినట్టే. ఇద్దరూ బెదరలేదు. వరుసగా ఐదు గేములు గెలిచారు. కప్పు అందుకున్నారు. ఆ తర్వాత 2016 దాకా ఈ జోడీ వరుసగా 41 పోటీలు గెలిచింది.

ఇన్ని గెలిచాక కూడా 2016లో ఒక టీవీ కార్యక్రమంలో, ‘ఎప్పుడు స్థిరపడతారు? పిల్లలు ఎప్పుడు?’ అని అడిగారు. నేను స్థిరపడలేదని మీకు అనిపిస్తోందా అని ఆమె ఎదురడిగింది. అడిగినాయన క్షమాపణ చెప్పాడు.

2018లో ఆమెకు కొడుకు పుట్టాడు. పెరిగిన బరువు తగ్గించుకుని మళ్లీ ఆటకు వచ్చింది. 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో జంట టైటిల్ గెలిచింది. 2023లో ఆట నుంచి విరమించింది. అప్పటికి ఆరు పెద్ద టైటిళ్లు ఆమెవి. మూడు ఆడవాళ్ల జోడీతో, మూడు మగవాళ్ల జోడీతో గెలిచినవి.

ఒక దారి మూసుకుపోతే బతుకు ఆగిపోయినట్టు కాదు. తోడు తీసుకోవడం తక్కువతనమూ కాదు. మీ ఊళ్లో ఆడపిల్ల ఆటకు వెళ్తానంటే పెద్దలు ఏమంటున్నారు? ఈ రాత్రి అందరూ కూర్చుని మాట్లాడుకోండి.