వివరాలు అందలేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  మొదటి వరుసలో మా లెక్కల సార్ కూర్చున్నారు. ఆయన్ని చూస్తే యాభై అయిదేళ్ల వయసులో కూడా నా చేతులు వాటంతట అవే వెనక్కి పోతున్నాయి. భయపడకండి సార్, హోంవర్క్ చేసుకునే వచ్చాను. కాగితం మీద రాసుకున్నాను.

మాది 1986 పదో తరగతి బ్యాచ్. ఈ సంఘం మొదలైనప్పుడు నాకు అయిదేళ్లు. స్వర్ణోత్సవ సంచికలో "మనవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారు" అనే భాగానికి మా బ్యాచ్ వివరాలు సేకరించే పని కార్యదర్శిగారు నాకు అప్పజెప్పారు. రెండు వారాల పని అనుకున్నాను. ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేను తెలుసుకున్నది మీతో చెప్పుకుందామని నిలబడ్డాను.

మనం చదువుకున్న నాటి టోలిచౌకి ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇటు గోల్కొండ కోట, అటు కుతుబ్‌షాహీ సమాధులు, మధ్యలో బండరాళ్లు. మెహిదీపట్నం దాటితే ఊరు అయిపోయినట్టే. షేక్‌పేట దాటి రాయదుర్గం వైపు పోవడమంటే పిక్నిక్‌కి పోవడమే. మెల్లమెల్లగా సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి తరలివస్తుంటే, మన వెనకాల గుట్టల మీద ఫిల్మ్‌నగర్ లేచింది. మా క్లాసులో సగం మంది ఇంటర్వెల్‌లో హీరోలే.

మా బ్యాచ్ కథ చెప్పాలంటే సంవత్సరాల కథ చెప్పాలి. మేం ఇంటర్ చదివేనాటికి ఎంసెట్ వచ్చి కొద్ది ఏళ్లే అయింది. నాకు ఉస్మానియాలో సివిల్ సీటు వచ్చింది. 1992లో పట్టా చేతికొచ్చేసరికి సివిల్‌కు ఉద్యోగాలు లేవు. ఏడెనిమిదేళ్లు పోయాక అదే పట్టా ఉన్నవాళ్లు అమీర్‌పేట మైత్రీవనంలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కారు. 2000 సంవత్సరం తేదీల గండం కంప్యూటర్లకు వచ్చింది గానీ, మనవాళ్లకు మాత్రం అది కలిసొచ్చింది. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. మనం పిక్నిక్‌కి పోయిన దారి ఆఫీసుకు పోయే దారి అయింది. 2001 నుంచి 2003 దాకా అమెరికా ఏడాదికి 1,95,000 హెచ్‌-1బి వీసాలకు అవకాశమిచ్చింది. 2004లో ఆ పరిమితి మళ్లీ 65,000కు దిగింది. ఒకే తెలివి, ఒకే కష్టం. ఒకడు 2001లో దరఖాస్తు పెట్టాడు, ఒకడు చెల్లెలి పెళ్లి చేసి 2004లో పెట్టాడు. మొదటివాడు డాలస్‌లో ఇల్లు కొన్నాడు. రెండోవాడు అల్వాల్‌లో ట్యూషన్లు చెప్పాడు. మన హోదాల్లో మన తెలివి ఎంత, సంవత్సరం ఎంత అన్నది నాకు ఇప్పటికీ తేలని లెక్క. సార్ కూడా ఈ లెక్క నేర్పలేదు.

ఇక అసలు విషయం. ఆఫీసు గదిలో పాత రిజిస్టర్ తీయించి చూస్తే మా పదో తరగతిలో 46 పేర్లు. సంఘం పంపిన ఫారం నింపి తమంతట తాము పంపినవాళ్లు 19 మంది. ఎనిమిది మంది సాఫ్ట్‌వేర్, నలుగురు ప్రభుత్వోద్యోగులు, ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు గల్ఫ్, నాతో కలిపి ఇద్దరు సివిల్ ఇంజినీర్లు. మిగతా 27 పేర్ల ఎదురుగా, పదేళ్లకు ఒకసారి వచ్చే ప్రతి సంచికలో మనం వేసుకుంటూ వచ్చిన మాట ఒకటే: "వివరాలు అందలేదు."

ఈ జాబితా తీసుకెళ్లి మా తెలుగు టీచర్‌కు చూపించాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇదేంది బిడ్డా, హాజరు పట్టీలో పేర్లు మార్కుల వరుసలో రాస్తమా? రోజూ 46 మందిని పిలిచినం గదా. నువ్వు 19 దగ్గర ఆపితే ఎట్ల?" అన్నారు. అంతే. ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టాను.

వెతికితే 20 మంది దొరికారు. నలుగురు ఇక లేరు. అందులో ఒకడు పోయి పదకొండేళ్లయిందట. ఆ తర్వాత కూడా వాడి పేరు ఎదుట "వివరాలు అందలేదు" అని అచ్చు వేశాం. వాళ్లావిడ ఆ పుస్తకం దాచుకుని ఉంది. నాకు చూపించింది. ఏమీ అనలేదు. ముగ్గురి జాడ ఇంకా తెలియలేదు.

దొరికినవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇరవై ఏళ్లకే కువైట్ వెళ్లి, 1990 ఆగస్టులో ఇరాక్ దాడితో అమ్మాన్ మీదుగా కట్టుబట్టలతో తిరిగొచ్చి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టినవాడున్నాడు. ఫిల్మ్‌నగర్‌లో ముప్పై ఏళ్లుగా లైట్‌మన్‌గా చేస్తున్నవాడున్నాడు. మనం చూసిన ఎన్నో సినిమాల్లో హీరో ముఖం మీది వెలుగు మనవాడిదే. ఇరవై ఏడు మందిలో పదకొండు మంది ఆడపిల్లలు. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, మన ఫారం పాత చిరునామాకు పోయింది. ఒకావిడకు ఫారం అందింది కానీ పంపలేదు. ఎందుకమ్మా అంటే, "అన్నా, అందులో హోదా అని ఒక గడి ఉంది. ఏం రాయాలో తోచక పక్కన పెట్టిన" అంది. ఆమె మంచం పట్టిన అత్తగారిని తొమ్మిదేళ్లు చూసుకుంటూ, మిషన్ కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. మన గడిలో అది పట్టలేదు.

ఇప్పుడు నా సంగతి. ఈ మాట ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

నేను వంతెనల ఇంజినీర్‌ని. ఒక కంపెనీలో జనరల్ మేనేజర్ దాకా వచ్చాను. 2020 జులైలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఆ ఉద్యోగం పోయింది. యాభై ఏళ్లు. అబ్బాయి చదువు నడుస్తోంది, ఇంటి మీద లోను ఉంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బోర్డు మీద నా పేరు కింద జనరల్ మేనేజర్ అని ఉండేది. దాన్ని నేను తీయించలేదు. మరుసటి ఏడు సంఘం వాళ్లు చిరునామాల పుస్తకం కోసం అడిగితే అందులో కూడా అదే రాశాను. అంటే ఆ పుస్తకంలో అబద్ధం ఆడినవాడు మీ ముందు నిలబడి ఉన్నాడు.

ఆ అక్టోబరులో మన ప్రాంతం మునిగింది, గుర్తుందా? 13వ తేదీన ఒక్కరోజే నగరంలో దాదాపు 19 సెంటీమీటర్ల వాన. నదీం కాలనీలో పడవలు తిరిగాయి. మా సెల్లార్‌లో బండ్లన్నీ మునిగాయి. ఎవరో మెకానిక్ వచ్చి పదకొండు బండ్లు బాగుచేసి, లేబర్ చార్జీ తీసుకోకుండా పోయాడని వాచ్‌మన్ చెప్పాడు. ఎవరని నేను అడగలేదు.

2022 జనవరి ఒకటిన షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచారు. 2.8 కిలోమీటర్లు, ఆరు వరుసలు. ఆ పనిలో నేను లేను గానీ, అప్పటికి ఇంట్లోనే చిన్న కన్సల్టెన్సీ పెట్టుకుని పాత వంతెనలు పరీక్షించే పని చేస్తున్నాను కాబట్టి దాని మీదుగా రోజూ పోయేవాణ్ని. వంతెన పరీక్ష అంటే పైన కారులో తిరగడం కాదు. పైన తారు నున్నగానే ఉంటుంది. కిందికి దిగాలి. బేరింగులు నలిగాయా, జాయింట్ల నుంచి నీళ్లు కారుతున్నాయా, గడ్డర్లలో పగుళ్లున్నాయా అన్నది కింద నుంచే తెలుస్తుంది. ముప్పై ఏళ్లు ఈ పని చేసినవాణ్ని, ఆ ఫ్లైఓవర్ కింద పక్క సందులో మా మూడో బెంచీ మిత్రుడి మెకానిక్ షాపు ఉందని నిరుడు ఈ జాబితా పట్టుకుని తిరిగేదాకా నాకు తెలియదు. మూడేళ్లుగా వాడి నెత్తి మీదుగా పోతున్నాను. వాడి పేరు ఎదుట "వివరాలు అందలేదు."

నన్ను చూడగానే గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "ఇన్నేళ్లకు దిగినవా రా కిందికి!" అన్నాడు. చాయ్ తెప్పించాడు. మాటల్లో తేలింది, ఆ పదకొండు బండ్లు వీడే బాగుచేశాడు. మరి ఇంట్లోకి ఎందుకు రాలేదురా అన్నాను.

"వద్దామనే వచ్చిన. మా బిడ్డ సివిల్ల డిప్లొమా చేసింది ఆ ఏడే. ఇంక ముందటికి ఎట్ల చదివియ్యాల్నో అడుగుదామనుకున్న. గేటు కాడ నీ బోర్డు చూసిన. జనరల్ మేనేజర్ అని ఉన్నది. పెద్దోనివైనవ్, ఏం టైముంటది అని ఎనక్కి మర్లిన."

నాకు టైము లేకపోవడమేమిటి? ఆ రోజు పైన మూడో అంతస్తులో పని లేక గోడలు చూస్తూ కూర్చున్నాను. ఆ బోర్డు నిజం కాదు. డిప్లొమా అయినవాళ్లు ఈసెట్ రాస్తే ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. అయిదు నిమిషాల మాట. చెప్పేవాళ్లు లేక ఆ అమ్మాయి మెహిదీపట్నంలో ఒక దుకాణంలో బిల్లులు కొట్టే పనిలో చేరింది. నాలుగేళ్లు చేసింది. ఆ నాలుగేళ్లు నేను తిరిగి ఇవ్వలేను.

ఆ అమ్మాయి ఈ ఏడు ఈసెట్ రాసింది. సీటు వచ్చింది. రెండో సంవత్సరంలో చేరింది. ఆదివారాలు నా దగ్గర కూర్చుని డ్రాయింగులు చదవడం నేర్చుకుంటోంది. నాకంటే త్వరగా తప్పులు పడుతోంది. ఇవాళ సభలో వెనక వరుసలో నాన్నతో కూర్చుని ఉంది. బోర్డు మార్పించాను. ఇప్పుడు పేరు ఒక్కటే ఉంది.

కాబట్టి సంఘానికి నావి మూడు మనవులు. ఒకటి, ఫారంలో హోదా అనే గడి తీసేద్దాం. దాని స్థానంలో మూడు ప్రశ్నలు పెడదాం: ఇప్పుడు ఏం చేస్తున్నారు, మీకు ఏం కావాలి, మీరు ఏం ఇవ్వగలరు. ఉద్యోగం పోయినవాడు మొదటి గడి ఖాళీగా వదిలినా రెండోది నింపుతాడు. రెండోది నింపడానికి సిగ్గుపడక్కర్లేదని చెప్పడానికే నా కథ చెప్పాను. రెండు, ఫారం పోస్టులో పంపి చేతులు దులుపుకోకుండా, బ్యాచ్‌కు ఇద్దరం వెళ్లి కలుద్దాం. ఆడపిల్లలను వెతికే పని వాళ్ల స్నేహితురాళ్లకే అప్పజెబుదాం, మాకంటే వాళ్లకే జాడ తెలుస్తుంది. మూడు, "వివరాలు అందలేదు" అనే మాట ఈ సంచికతో ఆపేద్దాం. అందలేదు అంటే తప్పు వాళ్లదన్నట్టు ఉంది. మనం అడగలేదు, అది నిజం. మా బ్యాచ్‌లో మిగిలిన ముగ్గురి ఎదుట "వెతుకుతున్నాం" అని వేయమని సంపాదకులను కోరాను, ఒప్పుకున్నారు.

భోజనాల దగ్గర ఎడమ పక్క బల్ల మీద పాత రిజిస్టర్ల నకళ్లు పెట్టించాం. మీ మీ బ్యాచ్‌ల పేర్లు చూసి, ఎవరి జాడ మీకు తెలిస్తే వాళ్ల పక్కన ఫోన్ నంబరు రాయండి. అన్నం తిన్నాకనే వెళ్లండి, కానీ రాయకుండా వెళ్లకండి.

లెక్కల సార్, మా 46లో ఇవాళ్టికి దొరికినవాళ్లు 39, లేనివాళ్లు నలుగురు, బాకీ ముగ్గురు. లెక్క సరిపోయింది. బాకీ మాత్రం తీరలేదు. తీర్చి మళ్లీ చూపిస్తాను.