పక్కన కూర్చునే మనిషి



గంటలు, మేళం ఒక్కసారిగా మోగితే మన గుడికొచ్చే ఒక తమ్ముడు చెవులు మూసుకుని అరుస్తాడు. అందరూ తిరిగి చూస్తారని వాళ్లమ్మగారు పండుగలకు రావడమే మానేశారు. మేధో వైకల్యం ఉన్నవారు ఒత్తిడిని మాటల్లో చెప్పలేక కొన్నిసార్లు ఇలా చూపిస్తారు. అది మొండితనం కాదు.

మేం సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, యాప్ చేసిపెడతామన్నాం. "యాప్ వద్దు నాయనా, వాడి పక్కన కూర్చునే మనిషి కావాలి" అన్నారావిడ. మన దేశంలో 1984లో తెరెంగానులో మొదలైన పీడీకే పద్ధతికి మూలమూ అదే: ఇంటివాళ్లకు ఇరుగుపొరుగు తోడుండాలి.

ఇప్పుడు హారతికి ముందే "గంట మోగుతుంది, కాసేపు బయట ఉందామా?" అని అతన్నే అడుగుతున్నాం. మొన్న తీర్థానికి తనంతట తనే లోపలికొచ్చాడు.

ఈ ఉగాదికి మన క్లాంగ్ కుటుంబాల్లో ఇంటికొకరు వంతు తీసుకుందాం. గుడి ఆఫీసులో పేరు రాయించండి.