కోటి రూపాయల ప్రశ్న

2000వ సంవత్సరమున ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ యను హిందీ టెలివిజన్ ప్రశ్నల పోటీలో హర్షవర్ధన్ నవాథే మొట్టమొదటి కోటి రూపాయల బహుమానము గెలిచెను. పార్లమెంటు చర్చలలో పాల్గొను హక్కును రాజ్యాంగము ఏ యధికారికి ఇచ్చినదనునదే కడపటి ప్రశ్న. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికని తోచుట సహజము. పెద్ద పదవి గదా! కాని ఆ హక్కు అటార్నీ జనరల్‌ది. 76వ అధికరణము ప్రకారము ఆయన ప్రభుత్వమునకు న్యాయ సలహాదారు. చట్టమందలి చిక్కును సభకు విప్పిచెప్పువాడు వలయును గనుక 88వ అధికరణము ఉభయసభలలోను ఆయనను మాటాడనిచ్చినది. సభ్యుడు కాడు గనుక వోటు మాత్రము లేదు. రాష్ట్ర శాసనసభలో అడ్వొకేట్ జనరలునకు 177వ అధికరణము ఇట్టి హక్కునే యొసగినది. దీనికి ఆనాడు కోటి పలుకలేదు గాని, ఇదియు నా రాజ్యాంగ గ్రంథముననే, కొన్ని పుటల తరువాత నున్నది.