ఫోనులో రూపాయికి పూచీదారు ఎవరు?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం "డిజిటల్ కరెన్సీ – సమాజము". పేరు వినగానే, ఇది ముంబయిలో, ఢిల్లీలో పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు తేల్చుకోవలసిన సంగతి, కోనసీమలో మనకెందుకండీ అని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని ఒక్కసారి ఆలోచించండి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధిలోకి వెళ్ళినా, కువైట్‌లోనో, దుబాయిలోనో, మస్కట్‌లోనో కష్టపడుతున్న కొడుకో కూతురో ఉన్న ఇల్లు కనబడుతుంది. 2024-25 సంవత్సరంలో విదేశాలలోని మనవాళ్ళు దేశానికి పంపిన సొమ్ము 13,500 కోట్ల డాలర్లకు పైగా ఉన్నదని లెక్కలు చెబుతున్నాయి. అందులో మన కొబ్బరిచెట్ల నీడకు చేరిన డబ్బూ ఉంది. ఆ డబ్బు ఎండలో చెమటోడ్చిన డబ్బు. అది ఇప్పుడు నోటు రూపంలో కాక ఫోనులో అంకెల రూపంలో వస్తూ ఉంది. కనుక ఆ అంకెలు ఏమిటో తెలుసుకోవడం మన ఇంటి పనే.

అసలు డబ్బు అంటే ఏమిటి? వంద రూపాయల నోటు తీసి చూడండి. దాన్ని తెచ్చినవారికి వంద రూపాయలు చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు మాట ఇచ్చి సంతకం పెట్టి ఉంటారు. విలువ కాగితంలో లేదు, ఆ మాటలో ఉంది. అంటే మనం ఇనప్పెట్టెలో దాచుకొనేది కాగితాన్ని కాదు, ఒకరి మాటను. అందుచేత డబ్బు ఏ రూపంలో ఉన్నా మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మాట ఎవరిది? మాట తప్పితే నేను ఎవరి గుమ్మం ఎక్కాలి?

ఇందుకు సంబంధించిన పాత కథ ఒకటుంది. అది మన గోదావరికి బొత్తిగా సంబంధం లేనిది కూడా కాదు. రాజమహేంద్రవరంలోని పెద్ద మసీదు శాసనం 1324 నాటిది. అందులో పేర్కొన్న ఉలుగ్ ఖానే ఆ మరుసటి ఏడు ఢిల్లీ సింహాసనమెక్కి ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. 1330 ప్రాంతంలో ఆయన వెండి టంకాకు బదులు రాగి, ఇత్తడి నాణెములను అదే విలువకు చలామణీలో పెట్టాడు. ఆలోచన వెర్రిది కాదు. చైనాలో అప్పటికే కాగితపు డబ్బు నడుస్తూ ఉంది. లోపం ఎక్కడంటే, ఆ నాణెమును ఎవరైనా ఇంట్లో పోత పోసుకోవచ్చు. పోసుకొన్నారు కూడా. వర్తకులు వాటిని తీసుకోవడం మానేశారు. చివరకు సుల్తాను ఖజానా నుండి మంచి నాణెములిచ్చి ఆ రాగి ముక్కలను వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ఖజానా నష్టపోయింది, నిజమే. ఐతే మాట ఇచ్చినవాడు ఒకడున్నాడు గనుక, జనం వెళ్ళి అడగడానికి ఒక గుమ్మం ఉంది.

ఇప్పుడు మన ఫోనుల సంగతికి వద్దాం. "డిజిటల్ డబ్బు" అనే ఒక్క పేరు క్రింద నాలుగు వేరు వేరు వస్తువులు తిరుగుతున్నాయి. మన వాదోపవాదములలో సగం గందరగోళం వాటిని కలగాపులగం చేయడం వల్లనే వస్తూ ఉంది.

మొదటిది, మనమంతా వాడే యూపీఐ. ఇది 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఇది కొత్త డబ్బు కాదండీ. బ్యాంకులో ఉన్న మన రూపాయే ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు వెళుతుంది. ఇక్కడ గుమ్మం బ్యాంకు. బ్యాంకు వినకపోతే పైన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. బ్యాంకు మునిగినా 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరిలో దీనిని లక్ష నుండి 5 లక్షలకు పెంచారు.

రెండవది, రిజర్వు బ్యాంకువారి డిజిటల్ రూపాయి. సామాన్య ప్రజల కోసం 2022 డిసెంబరు 1న కొన్ని నగరాలలో ప్రయోగంగా మొదలుపెట్టారు. ఇది నోటుకు తమ్ముడు. నోటు మీద ఉన్న మాటే దీని వెనుక కూడా ఉంటుంది. దీనికి వడ్డీ రాదు.

మూడవది, బిట్‌కాయిన్ వంటివి. 2009 జనవరిలో మొదలైన ఈ బిట్‌కాయిన్‌కు ఏ ప్రభుత్వము, ఏ బ్యాంకు పూచీ లేదు. లెక్కల పుస్తకాన్ని లోకమంతటా వేలాది కంప్యూటర్లు కలిసి వ్రాస్తాయి.

నాలుగవది, పేరుకు "కాయిన్", పనికి మోసం. వాట్సాప్ గ్రూపులో చేర్చి, మూడు నెలల్లో రెట్టింపని చెప్పి, ఇంకో ఇద్దరిని చేర్పిస్తే కమీషను అని ఆశ చూపేది. పాతరోజుల్లో చిట్టీలవాడు రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయినట్లే ఇదీను. ఆ చిట్టీలవానికి ఒక ఇల్లైనా ఉండేది. వీనికి ముఖం కూడా లేదు.

బిట్‌కాయిన్‌ను సమర్థించేవారి మాట కూడా న్యాయంగా వినాలి. వారంటారు: ప్రభుత్వం ఇష్టమొచ్చినట్లు నోట్లు అచ్చువేస్తే మన కష్టార్జితం విలువ కరగదా? 2016 నవంబరు 8 రాత్రి ఒక్క ప్రకటనతో, చలామణీలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం చెల్లని కాగితమైందే, మరి ఆ మాట ఏమైంది? బిట్‌కాయిన్లు 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు, దానిని ఎవరూ రద్దు చేయలేరు. ఇదీ వారి వాదం. ఆ నవంబరులో బ్యాంకుల ముందు వరుసలో నిలబడ్డ మనం దీనిని తేలికగా కొట్టివేయలేము.

కాని రెండవ వైపు చూడండి. 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్లు పలికిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16,000 లోపుకు పడిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఎంతో పైకి లేచింది కూడా. అలా ఉయ్యాల ఊగే వస్తువుతో కూతురి నిఖా ఖర్చు ఎలా లెక్క వేసుకొంటాం? 2022 మేలో, ఎప్పుడూ ఒక డాలరుతో సమానంగా ఉంటుందని చెప్పుకొన్న టెర్రా అనే నాణెము దాని జంట నాణెముతో సహా కొద్ది రోజుల్లోనే కూలి, సుమారు 4,000 కోట్ల డాలర్ల విలువ గాలికి పోయింది. 2024 జూలైలో మన దేశపు వజీర్‌ఎక్స్ నుండి సుమారు 2,000 కోట్ల రూపాయల విలువ గల నాణెములు దొంగల పాలైనాయి. సాల్వడార్ దేశం 2021లో బిట్‌కాయిన్‌ను అధికార ద్రవ్యం చేసి, 2025 జనవరిలో చట్టం మార్చి వెనక్కు తగ్గింది.

మన దేశంలో ఇంకొక అపోహ ఉంది. "ప్రభుత్వం 30 శాతం పన్ను వేసింది గదా, అంటే ఒప్పుకొన్నట్లే గదా" అంటారు కుర్రవాళ్ళు. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకు ఆంక్షను కొట్టివేసిన మాట నిజం. 2022 ఏప్రిల్ నుండి పన్ను వచ్చిన మాటా నిజం. ఐతే పన్ను వసూలు చేసినవాడు పూచీ పడ్డట్టు కాదు బాబూ. లాభం వస్తే వాటా అడుగుతారు, నష్టం వస్తే మీదే.

మతరీత్యా ఏమంటారని కొందరు నన్ను అడిగారు. నేను ఆలిమును కాను. లోకంలో జరిగిన చర్చ మాత్రం చెబుతాను. 2018 జనవరిలో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ దీనిని నిషిద్ధమన్నారు. 2021 నవంబరులో ఇండోనేషియా ఉలమాల మండలి, ద్రవ్యంగా వాడడం హరామనీ, కొన్ని షరతులకు సరిపోయే సరుకైతే వ్యాపారం చేయవచ్చుననీ విడదీసి చెప్పింది. అనుమతించిన పండితులు కూడా ఉన్నారు. అందరి చర్చలోను తూచే రాయి ఒకటే. "గరర్" అంటే ఏమి కొంటున్నామో తెలియని అనిశ్చితి, "ఖిమార్" అంటే జూదం, ఇవి ఇందులో ఎంత ఉన్నాయి అని. ఆ రాయితో ఏ మతంవారైనా తమ బేరాన్ని తూచుకోవచ్చు.

ఇంతవరకు బిట్‌కాయిన్ లోపములు చెప్పాను గనుక, తక్కినవన్నీ నిక్షేపంగా ఉన్నవని అనుకోవద్దు. 2022 మే నెలనే తీసుకోండి. ఆ నెలలో దేశం మొత్తం మీద యూపీఐ చెల్లింపులు మొదటిసారిగా 10 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. పత్రికలన్నీ గొప్పగా వ్రాశాయి. అదే మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగి, కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపివేశారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, వారం దాటినా రాలేదు. శాంతిభద్రతల కోసం ఆపారంటారు, ఆ తప్పొప్పుల జోలికి నేను పోను. కాని దేశమంతా పది లక్షల కోట్ల పండుగ చేసుకొన్న నెలలో, మన ఫోనులో ఉన్న డబ్బు మందుల షాపువాని ముందు కదలలేదు. రూపాయి మనదే, పూచీ గట్టిదే, దారి మాత్రం మూతపడింది. అంబాజీపేటలో దింపు కార్మికునికి, వలుపు కార్మికునికి సాయంకాలం కూలి చేతిలో పడితేనే రాత్రి పొయ్యి వెలుగుతుంది. 1996 నవంబరు తుపానును చూసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. అటువంటిది మళ్ళీ వచ్చి కరెంటు, టవర్లు పడిపోతే ఫోను డబ్బు గతి ఏమిటి? కనుక పూచీతోపాటు దారి కూడా చూసుకోవాలి.

ఇంకొక మాట. నోటు మీద ఇచ్చినవాని పేరు ఉండదు. రాత్రివేళ ఒక బీద ఇంటి గుమ్మంలో వంద నోటు పెట్టి వచ్చేస్తే, ఇచ్చినదెవరో తీసుకొన్నవారికి తెలియదు. సదఖాకు ఆ గోప్యమే అందం. ఫోనులో పంపితే పేరు, వేళ, మొత్తం అన్నీ నమోదౌతాయి. లెక్కకు అది మంచిదే. అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు వ్రాసుకోవాలని ఖుర్ఆన్ షరీఫ్‌లోనే ఆదేశం ఉంది. కాని అప్పు వేరు, గుప్తదానం వేరు. చిన్న మొత్తాలకు నోటు వంటి గోప్యత డిజిటల్ రూపాయికి కూడా ఉండాలని రిజర్వు బ్యాంకువారు తమ పత్రంలో చర్చించారు. ఇంటర్నెట్ లేకుండా నడవడం, ఫలానా పనికే ఖర్చయ్యేటట్లు డబ్బుకు షరతు పెట్టడం, ఈ రెండూ ప్రయోగించి చూస్తామని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. మొదటిది కోనసీమకు వరం. రెండవది జాగ్రత్తగా చూడవలసినది. ఎరువులకిచ్చిన సొమ్ము ఎరువులకే పోవడం మంచిదే కావచ్చు, కాని బిడ్డకు జ్వరం వచ్చిన రోజున ఆ తల్లి ఏం చేయాలి? షరతు వ్రాసేవారికి ఆ తల్లి కనబడాలి.

కాబట్టి మన సంఘం ఏం చేయాలి? నాకు తోచిన నాలుగు పనులు మనవి చేస్తాను.

ఒకటి, ఏ కొత్త నాణెంలోనైనా డబ్బు పెట్టేముందు, పూచీదారు పేరు, చిరునామా అడిగే అలవాటు ఇంటింటా రావాలి. జవాబు రాకపోతే, పోయినా ఫరవాలేదు అనుకొన్న సొమ్మును మించి పెట్టవద్దు. గల్ఫ్ నుండి వచ్చిన సొమ్మైతే అసలే పెట్టవద్దు.

రెండు, వారం పది రోజుల ఇంటి ఖర్చుకు సరిపడా నోట్లు ఇంట్లో ఉంచుకోండి. ఇంటర్నెట్ లేకున్నా మామూలు ఫోనులో స్టార్ 99 హాష్ నొక్కి డబ్బు పంపే సదుపాయం ఉంది. టవరుంటే అది పనిచేస్తుంది. అది నేర్చుకోండి.

మూడు, మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకు తెలియజేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఓటీపీ అడిగినవాడు ఎవడైనా సరే, చెప్పకండి అమ్మా. మనమే చెప్పామంటే బ్యాంకు పూచీ కూడా సన్నగిల్లుతుంది.

నాలుగు, మన విద్యార్థులు నెలకొక ఆదివారం ఇక్కడ కూర్చుని, పెద్దవాళ్ళకు ఫోనులో ఖాతా చూసుకోవడం నేర్పాలి. మనుమడు చెబితేగాని తన ఖాతాలో ఎంత ఉందో తెలియని నానమ్మ, తన సొమ్ముకు తాను యజమానురాలు కాదు. ఆమెకు నేర్పడమూ సేవే. ఎంత నేర్పినా ఫోను వాడలేనివారు ఉంటారు. వారి కోసం నోటు తీసుకొనే కొట్టు, నోటు ఇచ్చే బ్యాంకు కిటికీ మూతపడకుండా చూడమని మనం గొంతెత్తి అడగాలి.

రాగి నాణెం వచ్చినా, కాగితం వచ్చినా, అంకె వచ్చినా, డబ్బు ఒకరి దగ్గర మరొకరు ఉంచిన అమానతు. దానిని కాపాడే బాధ్యత మాట ఇచ్చినవానిది. ఆ మాట ఎవరిదో కనుక్కొనే బాధ్యత మనది.